పిందెలోనే పండనివ్వని మైదానం

అండర్-12 కప్పుతో ఫొటో దిగిన పిల్లల్లో పదిహేడేళ్లకు ఇంకా మైదానంలో ఉండేది ఎందరు? అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల ఆట నేర్చుకుని ప్రపంచాన్ని గెలిచినవాళ్ల కథలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

పొద్దున్నే ఆరు. గన్‌ఫౌండ్రీ మలుపు తిరిగి లాల్ బహదూర్ స్టేడియం గేటు దగ్గర ఆగే స్కూటర్లను చూస్తే చాలు, ఏ పిల్లవాడు ఏ ఆటకు వచ్చాడో చెప్పేయొచ్చు. ముందు కాళ్ల దగ్గర పొడవాటి కిట్ బ్యాగ్ నిలబెట్టుకుని వస్తే క్రికెట్. వీపున రాకెట్ కవరు ఉంటే బ్యాడ్మింటన్ లేదా టెన్నిస్. చేతిలో బూట్లు, నీళ్ల సీసా తప్ప ఏమీ లేకపోతే ఫుట్‌బాలో, పరుగు పందేలో. వెనక సీట్లో అమ్మ కూర్చుంటే ఆమె ఒళ్లో టిఫిన్ డబ్బా, ఇస్త్రీ మడత నలగకుండా యూనిఫాం పెట్టిన సంచి. ప్రాక్టీసు అవగానే ఇక్కణ్నుంచి ఇటే బడికి.

ఓ ఆదివారం నెట్స్ పక్కన గోడ నీడలో నిలబడితే ఓ తండ్రి గొంతు వినిపించింది.

"సార్, రెండేండ్ల సంది వస్తున్నడు. పక్క అకాడమీ పోరగాళ్లు ఇప్పటికే మూడు టోర్నీలు ఆడిన్రు. మావోణ్ని ఎప్పుడు ఆడిపిస్తరు?"

కోచ్ పిల్లవాడి మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు.

"అన్నా, వానికి పదకొండేండ్లే. ఇంక కింది చెయ్యితోనే బ్యాటు గుంజుతున్నడు. ముందు అది సదురుకోనీ. ఇప్పుడు ఆడిపిస్తే రన్నులొస్తయ్. రన్నులొచ్చినంక ఆ అలవాటు ఇగ పోదు."

తండ్రి తల ఊపాడు కానీ ఒప్పుకున్నట్టు లేదు. ఒప్పుకోకపోవడంలో ఆయన తప్పూ లేదు. కొడుకు ఆడుతున్నాడని ఆఫీసులో చెబితే మొదట వచ్చే ప్రశ్న 'ఏం గెలిచాడు?' అనేదే. కింది చేతి పట్టు సడలించడం నేర్చుకున్నాడని చెబితే ఎవరికి అర్థమవుతుంది?

చెట్టున కాయ పిందెగా ఉండగానే పండితే దాన్ని పండు అనరు. రంగు వస్తుంది, రసం రాదు. పిల్లల ఆటలోనూ అంతే. పన్నెండేళ్లకు వచ్చే రంగు చూసి మురిసిపోవాలా, రసం పట్టేదాకా ఆగాలా అన్నదే ఆ తండ్రికీ ఆ కోచ్‌కూ మధ్య నడిచిన మాట. ఈ మైదానం చుట్టూ డెబ్భై ఏళ్లకు పైగా జరిగింది చూస్తే ఆ వాదనలో ఎవరిది పైచేయో తెలుస్తుంది.

ఒక వారం, ఇద్దరు కుర్రాళ్లు

2001 మార్చి 11, ఆదివారం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్. పుల్లెల గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. 1980లో ప్రకాశ్ పడుకోన్ తరువాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు అతనే. సరిగ్గా అదే రోజు కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో రెండో టెస్టు మొదలైంది. ఫాలో ఆన్ ఆడుతూ వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. మార్చి 14న అతనూ రాహుల్ ద్రావిడ్ రోజంతా వికెట్ ఇవ్వకుండా ఆడారు. భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది.

గోపీచంద్ ఆట నేర్చుకున్నది లాల్ బహదూర్ స్టేడియంలో, ఎస్.ఎం. ఆరిఫ్ సార్ దగ్గర. లక్ష్మణ్ చదివింది అబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లోని లిటిల్ ఫ్లవర్ హైస్కూల్లో. స్టేడియానికీ ఆ బడికీ మధ్య నడిచి వెళ్లేంత దూరమే. ఆ కోల్‌కతా జట్టులోనే ఎడమచేతి వాటం స్పిన్నర్ వెంకటపతి రాజు కూడా ఉన్నాడు. అతనికి అది చివరి టెస్టు. అతను చదివింది గన్‌ఫౌండ్రీలో 1855 నుంచి నడుస్తున్న ఆల్ సెయింట్స్ హైస్కూల్లో. మహమ్మద్ అజారుద్దీన్‌దీ అదే బడి.

ఆ వారం పేపర్లన్నీ విజయాలతోనే నిండిపోయాయి. వాటి వెనకున్న ఏళ్ల లెక్క ఎవరూ పెద్దగా రాయలేదు. ఆ రోజు గోపీచంద్‌కు 27 ఏళ్లు. 1994లో పుణెలో జాతీయ క్రీడల్లో ఆడుతూ మోకాలి లిగమెంటు తెగింది. ఆట అయిపోయిందనుకున్నవాళ్లు చాలామందే. అతను 1996 నుంచి 2000 దాకా వరుసగా ఐదుసార్లు జాతీయ చాంపియన్ అయ్యాడు. ఆ తరువాతే బర్మింగ్‌హామ్.

లక్ష్మణ్‌కు 26. తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు. ఇంటర్ అయ్యాక మెడిసినా, క్రికెట్టా అన్న కూడలిలో క్రికెట్ వైపు తిరిగాడు. 1996 నవంబరులో టెస్టుల్లోకి వచ్చాడు. అలవాటు లేని ఓపెనింగ్‌కు పంపారు. జట్టులోకి రావడం, పోవడం. మొదటి టెస్టు సెంచరీ, సిడ్నీలో 167, 2000 జనవరిలో గానీ రాలేదు. ఇక ఓపెనర్‌గా ఆడనని తేల్చి చెప్పి, 1999-2000 రంజీ సీజన్లో 1415 పరుగులు చేసి, తన స్థానం తాను వెతుక్కున్నాడు. పన్నెండో ఏటో, పదిహేనో ఏటో వాళ్లిద్దరినీ ఓ టోర్నీ ఫలితం చూసి తూకం వేసి ఉంటే మార్చి 2001 ఉండేదా?

ఎడమకాలితోనే గోల్ వేయాలన్న మాస్టారు

లాల్ బహదూర్ స్టేడియానికి ముందున్న పేరు ఫతే మైదాన్. 1687లో గోల్కొండ కోటను పట్టుకున్న ఔరంగజేబు సైన్యం విడిది చేసిన చోటు కాబట్టి విజయ మైదానం అన్న పేరు వచ్చిందని చెబుతారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. 1955లో న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేసి టెస్టుల్లో తొలి భారతీయ డబుల్ సెంచరీ కొట్టింది ఇక్కడే. అయితే ఆ రోజుల్లో ఈ ఊరికి దేశంలో పేరు తెచ్చిన ఆట క్రికెట్ కన్నా ముందు ఫుట్‌బాల్. ఆ పేరు వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్.

రహీమ్ సాబ్ మొదట బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకాలు వచ్చినప్పుడు కోచ్ ఆయనే. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక ఈ సంగతులు కొత్త తరానికీ తెలిశాయి. సినిమాలో పెద్దగా కనిపించని పని ఒకటుంది. పిల్లల కోసం, కుర్రాళ్ల కోసం ఆయన పెట్టిన వింత టోర్నీలు.

ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకో టోర్నీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. ఒక్కసారి ఊహించుకోండి. గల్లీలో ఐదుగుర్ని తప్పించుకుని గోల్ వేసే మొనగాడు అక్కడ మొదటి బంతికే తూలిపడతాడు. చుట్టూ నవ్వులు. వారం తరువాత బంతి కనీసం తిన్నగా పోతుంది. నెల తరువాత ఎడమవైపు నుంచి వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకునే ఆ అరక్షణం వృథా కావడం మానేస్తుంది. ఆ అరక్షణమే పెద్ద మ్యాచుల్లో గోలుకూ, గోల్ కాకపోవడానికీ తేడా.

ఆ టోర్నీల్లో ఎవరు గెలిచారన్నది ఎవరికీ గుర్తులేదు. గెలవడం కోసం పెట్టినవీ కావు. పిల్లవాడు తన బలాన్ని పక్కన పెట్టి తన లోపంతో ఆడాల్సి వచ్చేలా ఆటనే మార్చేశాడు మాస్టారు. మార్కులు వచ్చే సబ్జెక్టు పక్కన పెట్టించి, రాని సబ్జెక్టు ముందు కూర్చోబెట్టే పంతులు తెలివి అది.

సికింద్రాబాద్ అవతల అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే కుర్రాడు ఉండేవాడు. పేద ఇల్లు. హైదరాబాద్ దాకా ప్రాక్టీసుకు రమ్మంటే చార్జీలకు డబ్బుల్లేవన్నాడు. రహీమ్ సాబ్ సైకిల్ అద్దెకని రోజూ ఒక రూపాయి ఇచ్చాడు. ఆ రూపాయి సైకిల్ మీద వచ్చిన కుర్రాడు 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ వేశాడు. 1962 జకార్తా బంగారు జట్టులోనూ ఉన్నాడు.

ఓపిక అంటే ఏమిటో చెప్పే లెక్క ఇంకొకటి ఉంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు, ఎక్కువమంది ఉత్తి కాళ్లతో ఆడగా, యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఈ రోజుల్లో అయితే కోచ్‌ను మర్నాడే ఇంటికి పంపేవాళ్లు. రహీమ్ సాబ్ ఉన్నాడు. ఆటగాళ్లు బూట్లకు అలవాటు పడ్డారు, జట్టు ఆడే తీరు మారింది. 1956లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీస్ చేరింది. ఎదురుగా మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి 4-1. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో బలరామ్‌తో పాటు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అందరూ మన ఊరివాళ్లే. 10-1 నుంచి నాలుగో స్థానానికి పట్టింది నాలుగేళ్లు.

స్కూటర్ మీద పదమూడేళ్లు

1998 డిసెంబరు. హరియాణా నుంచి బదిలీ మీద వచ్చిన ఓ వ్యవసాయ శాస్త్రవేత్త తన ఎనిమిదేళ్ల కూతుర్ని లాల్ బహదూర్ స్టేడియం ఇండోర్ హాలుకు తీసుకొచ్చాడు. కోచ్ నాని ప్రసాద్ ఆ పిల్ల షటిల్ కొట్టే తీరు చూసి చేర్చుకున్నాడు. ఆ పిల్ల సైనా నెహ్వాల్.

ఇల్లు రాజేంద్రనగర్ వైపు. తెల్లవారకముందే లేచి నాన్న స్కూటర్ మీద స్టేడియానికి. వెనక సీట్లో నిద్రలోకి జారి పడిపోతుందేమోనని అమ్మ కూడా వెంట వచ్చేది. ప్రాక్టీసు, అటునుంచి బడి, సాయంత్రం మళ్లీ స్టేడియం. రోజుకు దాదాపు యాభై కిలోమీటర్లు. షటిళ్లు, రాకెట్లు, బూట్ల ఖర్చుకు తండ్రి ప్రావిడెంట్ ఫండ్‌లోంచి డబ్బు తీశాడు. ఆ పిల్ల ఆరిఫ్ సార్ చేతికి, తరువాత గోపీచంద్ చేతికి వెళ్లింది. 2012 ఆగస్టు 4న లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం మెడలో పడింది. మొదటి రోజు నుంచి లెక్కేస్తే పదమూడేళ్ల ఎనిమిది నెలలు.

పి.వి. సింధు లెక్కా ఇంతే. వాలీబాల్ ఆడిన తల్లిదండ్రుల కూతురు. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలవడం ఆ పిల్లను రాకెట్ వైపు తిప్పింది. ఎనిమిదో ఏట మొదలుపెట్టి, రియోలో వెండి గెలిచింది 2016లో. మళ్లీ పదమూడేళ్లే.

ఇక్కడ గమనించాల్సింది చేతులు మారిన తీరు. నాని ప్రసాద్ చూసిన పిల్ల ఆరిఫ్ సార్ దగ్గరికి, ఆరిఫ్ సార్ శిష్యుడైన గోపీచంద్ దగ్గరికి. 'నా పిల్ల' అని ఎవరూ పట్టుకుని కూర్చోలేదు. ఒక వయసు దాకా ఒకరు, ఆ తరువాత ఇంకొకరు. ఆరిఫ్‌కు 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ వచ్చాయి. ఆయన శిష్యుడు సొంత ఇల్లు తాకట్టు పెట్టి గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు. అది 2008లో తెరుచుకుంది. అక్కడే కిదాంబి శ్రీకాంత్ అనే రావులపాలెం కుర్రాడు జూనియర్ రోజుల్లో డబుల్స్ ఆడుకుంటూ ఉంటే, గురువు అతన్ని సింగిల్స్‌కు మార్చాడు. అప్పటికి వస్తున్న పతకాలు వదులుకుని మొదటి మెట్టుకు దిగడమే అది. 2014లో అదే కుర్రాడు చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను ఓడించాడు. 2018లో ప్రపంచ నంబర్ వన్.

ఇరవై రెండు పౌండ్ల పాఠం

స్టేడియం చుట్టూ ఉన్న క్రీడాసామగ్రి దుకాణాల్లో ఒకదాని ముందు సాయంత్రం కాసేపు నిలబడితే చాలు, ఈ కథనం సారమంతా దొరుకుతుంది. లోపల గట్టింగ్ మెషీన్. రాకెట్‌ను బిగించి, గట్ తీగను ఒక్కో రంధ్రంలోంచి లాగి, బిగువును పౌండ్లలో కొలుస్తారు. యూనిఫాం కూడా మార్చుకోని ఓ పిల్ల అడిగింది.

"అంకుల్, ఇరవై ఎనిమిది వెయ్యండి."

"ఎవరు చెప్పిండ్రమ్మా?"

"సింధు అక్క కూడా అంతే అంట కదా."

దుకాణం ఆయన నవ్వి మెషీన్ మీద 22 పెట్టాడు. "సింధు అక్క భుజం నీకు వచ్చినంక రా, నేనే వేస్త. ఇప్పుడు ఇరవై ఎనిమిదేస్తే షటిల్ నడుమ తగల్దు, చెయ్యి గుంజుతది."

బిగువు ఎక్కువైతే రాకెట్ మీద షటిల్ సరిగ్గా తగలాల్సిన చోటు ఇరుకవుతుంది. సరిగ్గా తగిలితే అదుపు ఎక్కువ, తగలకపోతే ఆ దెబ్బంతా మణికట్టుకూ, మోచేతికీ. అందుకే నేర్చుకునేవాళ్లకు ఇరవై పౌండ్ల చుట్టుపక్కల మొదలుపెట్టి ఏడాదికింత పెంచుకుంటూ పోతారు. పెద్ద ఆటగాళ్లు ముప్పై దాటిస్తారు. మెషీన్ ఎంతైనా లాగుతుంది. ఆపాల్సింది దాని పక్కన నిలబడ్డ మనిషే.

నాంపల్లి స్టేషన్‌లో కిట్ బ్యాగులు

సెలవులు మొదలైతే నాంపల్లి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఒకే రంగు టీషర్టులు కనిపిస్తాయి. అండర్-12, అండర్-14 జట్లు. కిట్ బ్యాగుల మీద కూర్చుని పిల్లలు ఫోన్లో ఆటలాడుతుంటే, తల్లులు పులిహోర పొట్లాలు లెక్క చూసుకుంటుంటారు. టోర్నీ కోసం ఇంకో ఊరు. రైలు, లాడ్జి, ఎంట్రీ ఫీజు అన్నీ ఇంటి ఖర్చే.

ప్రయాణం మంచిదే. కొత్త పిచ్, కొత్త ప్రత్యర్థి, అమ్మ చేతి ముద్ద లేని నాలుగు రోజులు. ఇవన్నీ ఆటకు పనికొచ్చేవే. చిక్కల్లా అంత ఖర్చు పెట్టి వెళ్లాక గెలిచి తీరాలన్న ఒత్తిడితోనే. గెలవాలంటే కోచ్ ఎవర్ని ఆడిస్తాడు? అప్పటికే పొడుగ్గా, బలంగా ఉన్నవాణ్ని. వేగంగా బంతి విసిరే ఒక్కడి చేతికే ఓవర్ల మీద ఓవర్లు ఇస్తాడు. బక్కపలచని వాడు నీళ్ల సీసాలు మోస్తాడు.

అమెరికాలో బేస్‌బాల్ ఇదే దారిలో చాలా దూరం వెళ్లి దెబ్బతింది. అక్కడ తొమ్మిది, పదేళ్ల పిల్లల 'ట్రావెల్ టీమ్'లు వారాంతం వారాంతం ఊరూరా తిరుగుతాయి. కుటుంబం మొత్తం కారెక్కి వెంట పోతుంది. ఏడాది పొడవునా బంతి విసిరీ విసిరీ మోచేతి లిగమెంటు చెడగొట్టుకునే పిల్లలు పెరిగారు. 1974లో టామీ జాన్ అనే పెద్దాటగాడికి మొదటిసారి చేసిన ఆపరేషన్ చివరికి హైస్కూలు పిల్లలదాకా దిగింది. 2014లో అక్కడి మేజర్ లీగ్, బేస్‌బాల్ సమాఖ్య కలిసి బంతుల లెక్క పెట్టాయి. తొమ్మిది, పదేళ్ల వాడు ఒక రోజులో 75 బంతులకు మించి వేయకూడదు. పదకొండు, పన్నెండేళ్లకు 85. ఆ తరువాత తప్పనిసరి విశ్రాంతి. మన నెట్స్‌లో పన్నెండేళ్ల ఫాస్ట్ బౌలర్ పొద్దున ఎన్ని బంతులు వేశాడో, సాయంత్రం మ్యాచ్‌లో ఎన్ని వేశాడో కలిపి ఒక కాగితం మీద రాసేవాళ్లు ఎవరు? నడుము నొప్పి వచ్చాకే ఆ లెక్క గుర్తొస్తుంది.

ఎంపికలో పుట్టిన నెల కూడా చిన్న సంగతేం కాదు. 1985లో కెనడాలో రోజర్ బార్న్‌స్లీ ఐస్ హాకీ జట్ల పుట్టినరోజులు చూసి ఒక వింత బయటపెట్టాడు. ఎంపికైన కుర్రాళ్లలో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. కారణం తేలికే. వయసు కటాఫ్ జనవరి ఒకటి. జనవరి పిల్లవాడు అదే ఏడాది డిసెంబరు పిల్లవాడి కన్నా దాదాపు ఏడాది పెద్ద. పదేళ్ల వయసులో ఏడాది అంటే కంటికి తెలిసేంత పొడుగు. ఆ పొడుగును ప్రతిభ అనుకుని ఎంపిక చేస్తారు, మంచి కోచింగ్ ఇస్తారు, మరింత ముందుకు పోతాడు. మన క్రికెట్ బోర్డు వయసు కటాఫ్ సెప్టెంబరు ఒకటి. మీవాడు ఆగస్టులో పుట్టాడా? అయితే సెలక్షన్లో అతను పోటీ పడేది దాదాపు ఏడాది పెద్దవాళ్లతో. ఓడిపోతే ఆట రాదని కాదు, ఇంకా పెరగలేదని.

ఇంకొందరు తల్లిదండ్రులు దొడ్డిదారి పడతారు. వయసు సర్టిఫికెట్టే మార్చేస్తారు. అందుకే బోర్డు పిల్లల ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తోంది. కాగితం మీద రెండేళ్లు తగ్గించిన పిల్లవాడు అండర్-14లో సెంచరీలు కొడతాడు. పద్దెనిమిదికి పక్కవాళ్లంతా పెరిగి తన భుజానికి వచ్చేసరికి తన దగ్గర ఆట లేదని తెలుస్తుంది. అబద్ధం ఆడింది నాన్న, ఆట పోయింది కొడుక్కి.

హంగరీలో పుట్టిన క్రీడా శాస్త్రవేత్త ఇస్త్వాన్ బాలీ 1990ల నుంచి పిల్లల ఆటలోని దశలన్నిటికీ ఒక చట్రం గీశాడు. చిన్నప్పుడు పరుగు, గెంతు, విసురు, పట్టు. ఆ తరువాత నేర్చుకునే దశ, అప్పుడు పోటీ సమయం నూటికి 30, సాధన 70. ఎదుగుదల వయసులో 40, 60. గెలుపు కోసం ఆడే దశ అన్నిటికన్నా చివరిది. ప్రపంచమంతా ఆ పుస్తకాలు చదువుకుంది. రహీమ్ సాబ్ ఎడమకాలు టోర్నీలో అదే బుద్ధి అంతకు ఎన్నో ఏళ్ల ముందే పనిచేసింది.

గురువు పోతే?

ఇంత చెప్పి ఇంకో మాట దాచిపెడితే అన్యాయం. 1963 జూన్‌లో రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఆయన పోయాక హైదరాబాద్ ఫుట్‌బాల్ కొన్నాళ్లు ఆ పాత వేగంతోనే దొర్లింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది. ఆ తరువాత నెమ్మదిగా జారింది. బలరామ్‌కు సైకిల్ అద్దె ఇచ్చిన రూపాయి ఒక మనిషి జేబులోంచి వచ్చింది, ఏ వ్యవస్థ పద్దులోంచీ కాదు. ఆ మనిషి పోగానే ఆ రూపాయీ పోయింది.

బ్యాడ్మింటన్ నిలబడటానికి కారణం శిష్యుడు గురువు అయ్యాడు, కోర్టులు కట్టాడు, ఒక పద్ధతి మిగిలింది. అయినా ఆ పద్ధతి ఊరి నడిబొడ్డు నుంచి గచ్చిబౌలికి వెళ్లింది. నాంపల్లి సందులో ఉన్న పిల్లకు ఆ దూరం చిన్నదేం కాదు.

నడిబొడ్డున మిగిలింది ఏమిటి? నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్. లాల్ బహదూర్ స్టేడియంలో ఆటలూ జరుగుతాయి, సభలూ జరుగుతాయి. 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం ఇక్కడే జరిగింది. ఏ పార్టీ ప్రభుత్వమైనా పెద్ద వేదిక కావాలంటే చూపు ఇటే. వేదిక కట్టే రోజులు, విప్పే రోజులు కలిపి పిల్లల ప్రాక్టీసు ఎన్ని రోజులు ఆగుతుందో ఏ ఆహ్వాన పత్రిక మీదా రాయరు. పదమూడేళ్లు కావాల్సిన పనికి పది రోజులు ఆగితే ఏమవుతుంది అనుకుంటాం. ఏడాదికి ఎన్ని పది రోజులు?

వేసవిలో నగరపాలక సంస్థ, క్రీడా ప్రాధికార సంస్థ శిబిరాలు పెడతాయి. తక్కువ ఫీజు, మంచి ఉద్దేశం. కానీ జూన్‌లో బడి తెరవగానే ఆ పిల్లల్లో ఎక్కువమంది మాయం. మామిడిపళ్లతో పాటు వచ్చి మామిడిపళ్లతో పాటు పోతుంది ఆ ఉత్సాహం. ఏప్రిల్‌లో కనిపించిన మంచి పిల్లను ఆగస్టులో వెతికి, నాని ప్రసాద్ లాగా పట్టుకునే చూపు ప్రతి మైదానానికీ ఒకటి కావాలి. దానికి జీతం ఇవ్వాలి, పేరు ఇవ్వాలి, పదేళ్లు అక్కడే ఉండనివ్వాలి. కోచ్‌నే మూడేళ్లకోసారి బదిలీ చేస్తే పదమూడేళ్ల పని ఎవరు చేస్తారు?

చేర్పించే ముందు ఒక్క ప్రశ్న

మళ్లీ ఆ ఆదివారం పొద్దునకు. కింది చేతితో బ్యాటు గుంజే ఆ పదకొండేళ్లవాడు స్టంప్ పక్కన నిలబడి, కోచ్ మెల్లగా విసిరిన టెన్నిస్ బంతిని పై చెయ్యితో మాత్రమే కొడుతున్నాడు. కింది చెయ్యి వీపు వెనక. పదింటిలో ఆరు తప్పాడు. ఏడోది కవర్స్ వైపు నేల మీద తిన్నగా దొర్లింది. తండ్రి ఫోన్లోంచి తలెత్తి చూశాడు. స్కోరు బోర్డు లేదు, అంపైర్ లేడు, ఫొటో తీసేవాళ్లూ లేరు. ఆయన ఇంకోసారి అడగలేదు.

రేపు మీ పిల్లనో, పిల్లవాణ్నో ఏ అకాడమీలోనైనా చేర్పించేటప్పుడు గోడ మీది కప్పులు, ఫొటోలు చూసి లెక్క కట్టకండి. కోచ్‌ను పక్కకు పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: "ఐదేళ్ల క్రితం మీ దగ్గర చేరిన పిల్లల్లో ఇవాళ్టికీ ఆడుతున్నవాళ్లు ఎంతమంది?" ఆయన ఆలోచించి, వేళ్ల మీద పేర్లు లెక్కపెట్టి చెప్పగలిగితే చేర్పించండి. కప్పుల సంఖ్య చెబితే నమస్కారం పెట్టి వచ్చేయండి.